పాత మిషన్‌లో మీ అత్త చేతులు

మమతా,

నేను ఇక్కడ దోహాలో బాగున్నాను. ఫోన్‌లో చెప్పడానికి సిగ్గేసి, ఊరికి వస్తున్న గజేందర్ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

మా ఆఫీసులో పారేయబోయిన కంప్యూటర్‌ను సారు నాకు ఇచ్చాడు. ఇంటర్నెట్ కోసం బ్రౌజర్ ఎక్కించబోతే రెండు రకాలు చూపించింది, ముప్పై రెండు బిట్, అరవై నాలుగు బిట్. పెద్దదే మంచిదనుకుని అరవై నాలుగు నొక్కాను. ఈ మిషన్‌లో నడవదని చెప్పింది. నేనే పాడుచేశానని భయపడి రెండు వారాలు తువ్వాలు కప్పి ఉంచాను.

చివరికి మా గదిలో ఉండే కర్నూలు డ్రైవర్ ఈరన్న చూసి నవ్వాడు.

"ఏం పెద్దాయనా, పాత మిషన్‌కి పాతదే ఎక్కిచ్చాల. ఇంకా ఇస్తాండారులే."

ముప్పై రెండు నొక్కగానే తెరుచుకుంది. ఇంత పాతదాని కోసం కూడా ఎవరో ఒకటి చేసి ఉంచారంటే నమ్మబుద్ధి కాలేదు.

మొన్న శుక్రవారం వీడియో కాల్‌లో, ఈ పెద్ద తెర మీద మీ అత్త ఎంత పెద్దగా కనిపించింది! ఆమెకు మాట రాదు, చెవులు వినవు. చిన్న ఫోన్‌లో ఆమె వేళ్లు నా కళ్లకు ఆనేవి కావు. ఇన్నేళ్లూ ఆమె మాటలు మీ నోటనే విన్నాను. మొన్న ఆమే తన చేతి సైగలతో చెప్పింది. ముసలోడివయ్యావని వెక్కిరించింది. నేను రెప్ప వేయలేదు.

తర్వాత ఎప్పుడొస్తావని అడిగింది. అర్థం కానట్టు చేతులు ఒళ్లో పెట్టుకున్నాను.

పాత మిషన్లకు నడిచే ఈ బ్రౌజర్‌ను ఇంక ఎక్కువ రోజులు ఇవ్వరట. వచ్చే శుక్రవారం మీ అత్తను గడప దగ్గర వెలుగులో కూర్చోబెట్టు. రంజాన్ దాటగానే వస్తానని ఈసారి చేతులెత్తి చెబుతాను.

మీ మామ