మూడు చీరల పడుగు

కదిరి,
12 జూలై 1999

ప్రియమైన గోవిందప్పన్నకు, సువర్ణ నమస్కారాలు.

పోయిన నెలే బెంగళూరులో స్కాన్ తీయించుకోవాల్సిన నువ్వు ఇంకా మగ్గం దిగలేదని ఆంజినమ్మ వదిన రాసింది. నాకు ఒళ్లు మండిపోయింది. నీ అరికాలి నల్లమచ్చ మెలనోమా అనే క్యాన్సరని తేలి, కోసి తీసేసినప్పుడు పక్కన ఉన్నది నేనే. "పుండు మానినంత మాత్రాన పని అయిపోలేదమ్మా. ఇది లోపల ఎక్కడైనా దాక్కోవచ్చు. ఆరు నెలలకొకసారి స్కాన్ తీసి చూడాల" అని డాక్టరు చెప్పడం నా చెవులతో విన్నాను. వెంటనే బయలుదేరు.

నీ మీద కోపంగా ఉన్న చెల్లెలు,
సువర్ణ

ధర్మవరం,
20 జూలై

ప్రియమైన సువర్ణమ్మకు అన్న ఆశీస్సులు.

కోపం తగ్గించుకో తల్లీ. పొద్దంతా ఆ కాలితోనే మగ్గం తొక్కుతున్నాను. నొప్పి లేదు, వాపు లేదు. కాలు ఇంత బాగుంటే స్కానుతో పనేముంది? పైగా మూడు చీరలకు సరిపడే నిలువు దారాలతో పడుగు వేసి ఉన్నాను, రెండో చీర సగంలో ఉంది. మధ్యలో వేరేవాళ్లు కూర్చుంటే పేక కొట్టే దెబ్బ మారి బట్టలో చార పడుతుంది. పడుగు దిగగానే పోతాను, సరేనా?

నీ అన్న,
గోవిందప్ప

కదిరి,
26 జూలై

అన్నా,

డాక్టరు చూడమన్నది కాలిని కాదు, మిగతా ఒంటిని. చీర పోతే ఇంకొకటి నేస్తావు. నాకు ఇంకొక అన్న ఎక్కడ దొరుకుతాడు? ఏడుస్తూ రాస్తున్నాను.

సువర్ణ

ధర్మవరం,
20 ఆగస్టు

ప్రియమైన సువర్ణమ్మకు,

జవాబు రాయలేదని తిట్టుకుని ఉంటావు. నీ ఉత్తరం చదివి మీ వదిన కత్తెర తెచ్చి, నేను చూస్తుండగానే పడుగును అడ్డంగా కోసేసింది! మన ఇళ్లలో చావు జరిగినా పడుగు మీద కత్తెర పెట్టరు. నేను నోరు తెరిచేలోపే, "ఇంగ నేసేకి ఏముండాది? లెయ్యి, బస్సుకు టైమైతాంది" అనింది.

స్కానులో గజ్జల్లో శనగ్గింజంత గడ్డ కనబడింది. చేతికి తగలదు, నొప్పీ లేదు. జబ్బు అక్కడికి చేరిందట. "మంచి సమయానికి వచ్చినావప్పా" అని డాక్టరు దాన్ని తీసేసినాడు. మిగతా ఒళ్లంతా శుభ్రంగా ఉందట. తెలిస్తే బడికి సెలవు పెట్టి పరుగెత్తుకొస్తావని నీకు చెప్పలేదు. కుట్లు విప్పినారు, ఆకలి దంచేస్తోంది.

ఇంకా ఆగి ఉంటే ఏమయ్యేదో డాక్టరు చెప్పలేదు, నేనూ అడగలేదు. మళ్లీ స్కాన్ ఫిబ్రవరిలో. ఆ తేదీకి ముందే దిగేటట్లు చూసుకునే పడుగు ఒప్పుకుంటున్నాను. భయంతో కాదమ్మా. ఇంకా చాలా ఏళ్లు నేయాలని ఆశగా ఉంది.

నీకున్న ఒకే ఒక అన్న,
గోవిందప్ప