రాజేశం తెచ్చిన పురుగు

ఏమండీ, బాగున్నారా...

మీరు పోయి ఎనిమిది నెలలు. బతికున్నన్నాళ్ళూ 'మీరు' అనే అన్నాను. ఇవాళ 'నువ్వు' అంటాను. కోపం వచ్చింది మరి.

పొద్దుటి నుంచి కాలు ఒకచోట నిలవలేదు. పాలు పొంగి పొయ్యి పాలయ్యాయి. జగిత్యాలంతా ఎండకు తలుపులేసుకుంటే నేను వాకిట్లోకీ ఇంట్లోకీ తిరిగాను. అంతా ఆ పురుగు వల్లే.

మా తమ్ముడు రాజేశం సిరిసిల్లలో మరమగ్గాల సాంచెలు నడిపేటప్పుడు, తెల్లటి తాను మీద వాలిందని అగ్గిపెట్టెలో పెట్టి, పురుగులు ఏరి దాచుకునే నీకు తెచ్చిచ్చిన దీపం పురుగు. ఆ తర్వాత కొన్నాళ్ళకే వాడు అన్నలతో వెళ్ళిపోయాడు. ఎన్‌కౌంటరన్నారు, కాదన్నారు... శవమైనా రాలేదు.

నేను కంచం ముందు నుంచి లేచిపోతుంటే నువ్వన్నావు. "సుగుణా, గిసొంటి పురుగును ఎవ్వరు చూడలే. దీనికి మన రాజేశం పేరే పెడ్దం. పుస్తకంల ఎక్కిన పేరును పోలీసోళ్ళు గూడ మాయం చెయ్యలేరు."

ఆ పూట అన్నం తిన్నాను. గుర్తుందా?

కొత్త జాతేనని తేల్చి పేరు పెట్టాలంటే కోసి చూడాలి. "రెక్కలు అబద్ధమాడ్తయ్. కడుపు కొసకు జతగట్టే కొక్కేలుంటయ్, గవ్వి అబద్ధమాడయ్" అని నువ్వే చెప్పేవాడివి. మరి కోయమంటే ఎప్పుడూ ఒకటే మాట. "ఉన్నదొక్కటే. ఇంకోటి దొరకనియ్యి."

మొన్న ఆ పురుగున్న పెట్టె తెరిస్తే అడుగున గోధుమరంగు పొడి. పురుగును తినే పురుగు పట్టింది. ఇంకా ఆగితే ఆ ఒక్కటీ దక్కదు. నేనూ ఇన్నేళ్ళు జువాలజీ చెప్పినదాన్నే, నేనే కోస్తాననుకున్నాను. ఎండిన ఒళ్ళు విరగకుండా మెత్తబడాలని తడి ఇసుక డబ్బాలో పెట్టాను. పొద్దున మూత తీస్తే కడుపు ఊడి పక్కన పడి ఉంది. అంచున తుమ్మబంక.

భూతద్దం పట్టి చూశాను. ఆ కడుపు దానిది కాదు. మన వీధి లైటు కింద రాలే ఏదో పురుగుది. ఏరి తెచ్చి, రంగు చూసి, కొలత చూసి అతికించావు. ఎంత ఓపిక నీకు...

అసలు కడుపు ఏమైందా అని వెతికితే కప్పగుడ్ల స్లైడ్ల వెనక పేరు రాయని స్లైడు దొరికింది. కాలేజీకి తీసుకెళ్ళి మైక్రోస్కోపు కింద పెట్టాను. రెండు కొక్కేలు, లోపలివైపు ఒక్కో ముల్లు. నీ లావుపాటి పుస్తకంలో అచ్చం అదే బొమ్మ ఉంది. ఎక్కడో తూర్పు కొండల్లో ఒకటో రెండో దొరికాయట. దాని గురించి ఇంకేమీ తెలియదట. కానీ పేరుంది. ఎవరో ఎప్పుడో పెట్టేశారు. మన రాజేశానికి చోటు లేదు.

ఎప్పుడు కోశావు? రాజేశం కోసం పోలీసులొచ్చి, పురుగులు నిలవుంచే నీ మందు సీసాలు బాంబు సామానని ఇల్లంతా బోర్లించిన రోజు, ఈ పెట్టెను కొంగు కింద దాచానే... అప్పటికే దానికి వేరే కడుపుందా? ఆ తర్వాత కూడా నన్ను సిరిసిల్ల సాంచెల షెడ్లన్నీ తిప్పి తానుల మీద వెతికించావే, అదంతా నాకోసమేనా? ఎందుకు చెప్పలేదు? చెబితే మళ్ళీ కంచం ముందు నుంచి లేచిపోతాననా...

కోపం తగ్గలేదు. మధ్యలో ఏడుపు వచ్చి పోయిందంతే.

ఇంట్లో ఉండలేక సాయంత్రం కోరుట్ల బస్సెక్కి అమ్మ దగ్గరికి వెళ్ళాను. చూపు బాగా తగ్గింది. నా చెయ్యి తగలగానే ఏమడుగుతుందో నీకు తెలుసు. రాజేశం పురుగుకు పేరు పెట్టారా అని. నిజం నోటిదాకా వచ్చింది. అమ్మ ముందు కలిపిన అన్నం ఉంది.

"ఉన్నదొక్కటే అమ్మా. ఇంకోటి దొరకనియ్యి" అన్నాను.

అమ్మ ముద్ద నోట్లో పెట్టుకుంది.

ఇంటికొచ్చి తుమ్మబంక నానేశాను. పొద్దున ఆ కడుపు మళ్ళీ అతికిస్తాను. పెట్టెలో కొత్త కలరా ఉండలు వేస్తాను. నువ్వు బెంగపడకు.

నీ సుగుణ