పడవలో ఒక మనిషి

జంగ్లీఘాట్

ప్రియమైన గణపతికి,

హట్ బేలో ఫోన్ సరిగా పలకడం లేదన్నావని ఈ ఉత్తరం అటు వస్తున్న కన్నబాబు చేతికిచ్చి ఓడలో పంపుతున్నాను. ఒంటరిగా చేపల వేటకెళ్లిన మీ అన్నయ్య ఇంజను ఆగిందని వైర్‌లెస్‌లో చెప్పిన చోటు నుంచి పడవ ఎటు కొట్టుకుపోయి ఉంటుందో సముద్ర ప్రవాహాలు చూసే మా ఆఫీసు కంప్యూటర్‌లో లెక్క కడుతున్నాను. ఆ లెక్క వేసే పేజీని నోట్‌బుక్ అంటాం. ఒక గడిలో మామూలు మాటలు, దాని కింద కోడ్, ఆ కిందే జవాబు. ఏ అంకె వేసినా ఎందుకు వేశామో పై గడిలో రాయాలి. మనిషి ఉంటే పడవ కాస్త లోతుగా దిగుతుంది, గాలికి తక్కువ కదులుతుంది. నేను ఒక మనిషి అని వేశాను. ఆధారం రాయాల్సిన చోట "భార్య" అని రాశాను. మా సారు చూసి, కొట్టేయకుండా ఉంచారు.

నువ్వు హట్ బేకి దక్షిణంగా వెతుకు. మ్యాపు ఈ కాగితం వెనక ఉంది.

అత్తమ్మ రోజూ "ఉన్నాడు కదే, పక్కా?" అంటుంది. తల ఊపుతాను. ఆమె నీళ్లు కూడా గుక్కెడే తాగుతోంది. నాకు భయం కూడా వేయడం లేదు. అన్నం తింటున్నాను, బస్సెక్కుతున్నాను.

నీ వదిన,
భాను

*

హట్ బే

ప్రియమైన వదినకి,

నా తెలుగు రాతకి నవ్వకు. నువ్వు గీసిన చోటల్లా తిరిగాం. ఏమీ కనబడలేదు. నాతో పడవలో వచ్చిన గోవిందు మామ "బస్ రా, వాపస్ పోదాం" అన్నాడు. నేను ఒప్పుకోలేదు.

ఈరోజు కబురొచ్చింది. పడవ ఇంకా దక్షిణాన, కచ్చాల్ దీవి ఒడ్డున దొరికిందట, ఖాళీగా. అంత దూరం ఎలా పోయిందో అర్థం కావట్లేదు. అన్నయ్యని ఏదో ఓడవాళ్లు ఎక్కించుకుని ఉంటారు వదినా. అమ్మకి చెప్పకు.

మరిది,
గణపతి

*

జంగ్లీఘాట్

ప్రియమైన గణపతికి,

నీ ఉత్తరం చదివి మామూలుగానే ఆఫీసుకి వెళ్లాను. మనిషి మధ్యలో ఎప్పుడో పడవ వదిలాడనుకుని లెక్క మళ్లీ వేశాను. కుదరలేదు. ఒక్కో రోజూ వెనక్కి జరుపుతూ పోయాను. మొదటి రాత్రి నుంచే ఖాళీ అని వేస్తే గీత తిన్నగా కచ్చాల్ చేరింది. ఆ రాత్రే ఓడవాళ్లు ఎక్కించుకుని ఉంటే ఈపాటికి ఇంటికొచ్చేవాడు. మనం వెతికినన్నాళ్లూ ఆయన లేడు. పై గడిలో ఏం రాయాలో తోచలేదు. ఏడుపూ రాలేదు.

అత్తమ్మకి చెప్పేశాను, నన్ను తిట్టుకోకు. మొదటి రాత్రే పోయి ఉంటాడని కూడా చెప్పాను.

"అయితే ఇన్ని దినాలు నా బిడ్డ నీళ్లు లేక అల్లాడిపోలేదన్నమాట" అంది అత్తమ్మ.

లేచి వెళ్లి బిందెలో గ్లాసు ముంచుకుని, నిలబడే నీళ్లు తాగింది. తాగి ఇంకో గ్లాసు నాకిచ్చింది. అప్పుడు ఏడ్చాను.

కర్మ చేయడానికి నువ్వు కావాలి. వచ్చెయ్.

నీ వదిన,
భాను