స్తంభం బాగైందన్న మెసేజ్

గురువారం, చీరాల

మా సందులో కరెంటు స్తంభం షాక్ కొడుతోందని నేను పెట్టిన కంప్లైంట్ పరిష్కారమైందని పొద్దున మెసేజ్ వచ్చింది. నమ్మి ఎదురింటి పద్మక్కకు చెప్పాను. సాయంత్రం తడి నూలు ఆరేయడానికి ఆమె ఆ స్తంభానికే తాడు కట్టబోయి ఎగిరి పడింది. ప్రాణాపాయం లేదని ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. మగ్గం మీద నాడె విసిరే కుడిచేతి వేళ్లు మాత్రం కదలడం లేదు.

"బాగైందని నువ్వే చెప్పావుగా అమ్మాయ్," అంది ఆటో ఎక్కిస్తుంటే. కోపంగా అనలేదు. తిట్టినా బాగుండేది.

లైన్‌మన్ ఫోనెత్తలేదు. ఆమె పిల్లలిద్దర్నీ మా ఇంట్లోనే పడుకోబెట్టాను. వాన మొదలైంది, స్తంభం చుట్టూ నీళ్లు నిలిచాయి. ఆమెతో ఆసుపత్రికి వెళ్లిన మా ఆయన ఇంకా రాలేదు, ఫోన్ కలవడం లేదు. ఆ నీళ్లు దాటే రావాలి. గుమ్మంలోనే కూర్చున్నాను. సందు మొదట్లో అలికిడైతే ఆగమని అరవాలి. ఈ వాన హోరులో ఆయనకు నా గొంతు వినపడుతుందా...