నాకొక్కడికే వచ్చిన పాస్‌వర్డు

మంగళవారం, రాత్రి

రావులపాలెంలో మా అరటి కొట్టు కంప్యూటరులో మెయిలు తెరిస్తే రోజూ పాస్‌వర్డు అడుగుతుంది. ఎన్నిసార్లు గుర్తుపెట్టుకోమన్నా పెట్టుకోదు. ఆ పదకొండు అక్షరాలూ నాకొక్కడికే నోటికొచ్చు. నేను చదివింది నాలుగో తరగతే అయినా, పై ఊళ్ల ఆర్డర్లు చూడాలంటే తమ్ముడంతటివాడు నా కోసం కాచుకోవాల్సిందే.

ఈవేళ తమ్ముడి కోడలు సుజాత ఆ కంప్యూటరు జబ్బు కనిపెట్టింది. "పెద్దమావయ్యగారూ, సాయంత్రం మీరు కంప్యూటరు ఆపకుండానే మెయిన్ స్విచ్ కట్టేస్తున్నారండి. అది పాస్‌వర్డు దాచుకునేలోపే కరెంటు పోతోంది," అంది. దీపాలూ ఫ్యానూ అన్నీ ఒక్క దెబ్బకి ఆపడం ముప్ఫై ఏళ్లుగా నా పద్ధతి. తను సరిగ్గా ఆపి మళ్లీ వేస్తే, ఏమీ అడక్కుండా మెయిలు తెరుచుకుంది.

"ఇంక నువ్వు పొద్దున్నే పరిగెత్తుకు రానక్కర్లేదన్నయ్యా, ఎండెక్కాక రా," అని తమ్ముడు నవ్వాడు. గుమాస్తా కూడా "అమ్మాయిగారు భలే తెలివైనవారండి" అన్నాడు. ఇన్నేళ్లలో నన్ను ఒక్కడూ ఆ మాట అనలేదు. పిల్ల మంచిదే. అయినా ఒళ్లు మండింది.

ఎలా ఆపాలో చూపిస్తుంటే మొహం తిప్పుకున్నాను. తిప్పుకుని కూడా ఓరకంట అంతా చూశాను. రేపు సుజాత పుట్టింటికి వెళ్తోంది, కొట్టు కట్టేసేది నేనే. ముందు కంప్యూటరు ఆపుతానో, మెయినే కట్టేస్తానో...