బోర్డు మధ్య ఖాళీ

మావయ్యా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ రోజే ఈ హిందీ ఊళ్లో, బాగ్‌బేరా బస్తీలో మన తెలుగు లైబ్రరీ తెరిచాం.

దానికి బోర్డు రాసిపెట్టమని నిన్ను ఎన్ని ఆదివారాలు వేధించానో. "వచ్చే ఆదివారం సూద్దార్లేరా" అనేవాడివి. రైల్వే వ్యాగన్ల మీద రోజంతా హిందీలో అక్షరాలు రాసేవాడివి, మనవాళ్ల పని అనేసరికి నీకు బద్ధకమని నా మంట. "వాయిదా వేయడం బూర్జువా జబ్బు" అని ఓరోజు అందరి ముందూ అరిచాను. నువ్వు బ్రష్ తుడుచుకుంటూ, "మరి దానికి మందేటో మీ కరపత్రాల్లో రాయనేదేట్రా అల్లుడా?" అన్నావు. అందరూ నవ్వారు. నేను నీతో మాట్లాడటం మానేశాను.

పొద్దున అత్త ఆ చెక్క బోర్డు తెచ్చిచ్చింది. చుట్టూ ఎర్రటి అంచు ఎంతో అందంగా తీర్చావు. మధ్యలో ఏమీ లేదు.

"మీ మావకి తెలుగు రాత రాదురా. సిన్నప్పుడే ఇటొచ్చీసినాడు, సదివింది హిందీ బడి. ఇన్ని పుస్తకాలు సదివిన నీకాడ ఆ మాట సెప్పుకోడానికి సిగ్గుపడిపోనాడు" అంది.

నాతో అని ఉంటే నేను సుద్దతో గీసిచ్చేవాణ్ణి, నువ్వు రంగు నింపేవాడివి. అయితే నేను అరవడమే గాని, ఎందుకని ఒక్కసారీ అడగలేదు.

బోర్డు అలాగే తగిలించాం. పేరు నన్నే రాసెయ్యమన్నారు. రంగు డబ్బా మూత తీసి మళ్లీ పెట్టేశాను. నేను రాసేస్తే ఇక దాని మీద నువ్వు చెయ్యాల్సిందేమీ మిగలదు.

"మరెప్పుడు రాత్తావురా?" అని అత్త అడిగింది.

వచ్చే ఆదివారం అన్నాను.