వెనక గది ఫ్యూజు

ఆదివారం, రాత్రి

మా ఆయన ప్రాణం తీసింది గుండెనా, వెనక గది కరెంటా? ఇన్నేళ్లయినా ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. ఆ గది స్విచ్ బోర్డు కిందనే పడి ఉన్నాడు. డాక్టరు గుండె అన్నాడు. అయినా నేను ఆ గది ఫ్యూజు పీకేసి, హాల్లోంచి వైరు లాగి అక్కడున్న అత్తమ్మ టీవీ నడిపిస్తున్నా.

వైఫై అక్కడిదాకా సరిగా అందదు. ఇవాళ భద్రాచలం చర్చి లైవ్ ప్రార్థన మధ్యలో ఆగిపోయింది.

"పాస్టరుగారు నోరు తెరిచి గట్లనే ఉన్నడు. ఆమెన్ ఎప్పుడనాలె నేను?" అంది అత్తమ్మ.

నెట్ మెకానిక్ వచ్చి చూశాడు. "ఇంకో వైఫై డబ్బా పెట్టినా ఈ గోడకు గ్యారంటీ లేదు మేడం. కరెంటు తీగల మీదనే నెట్ పంపే డబ్బాలున్నయ్. రేపొచ్చి పాత వైరింగు మీటరు పెట్టి చూసి, ఆ ఫ్యూజు మళ్ల పెట్టి కలుపుత. ఎక్కడన్న లోపముంటే తెలిసిపోతది."

అత్తమ్మ వద్దంటుందనుకున్నా.

"పెట్టియ్యి బిడ్డా. నా కొడుకు పోయింది గుండెతోనే అని నువ్వే కదా నాకు చెప్పుకుంట వచ్చినవ్."

అవ్, చెప్పిన. ఆమె నమ్మింది. రేపు మీటర్లో లోపం కనిపిస్తే ఆమె మొహం ఎట్లా చూడాలి? కనిపించకపోతే మాత్రం నేను నమ్ముతానా?

వైఫై డబ్బానా, కరెంటు తీగల డబ్బానా, ఏది తెమ్మనాలో నాకింకా తేలలేదు.